సీటీ డై, ఎంఆర్‌ఐ డై: పడనివాళ్లకి ఏది మేలు?

"సీటీకి ఎక్కించే డై కిడ్నీల్ని పాడుచేస్తుందట, ఎంఆర్‌ఐ రాయమని అడుగుదామా?" స్కాన్ గది బయట బెంచీల మీద తరచూ వినిపించే మాట ఇది. వెంటనే పక్కనుంచి ఇంకొకరు, "ఎంఆర్‌ఐ డై ఒంట్లోనే ఉండిపోతుందట, అదింకా ప్రమాదం" అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కాకపోతే ఎలర్జీ భయం ఉన్నవాళ్లకి జవాబు ఒకటి, కిడ్నీ భయం ఉన్నవాళ్లకి జవాబు ఇంకొకటి. రెండూ కలిపి అడిగితే తేలదు.

డై అంటే స్కాన్‌లో లోపలి భాగాలు స్పష్టంగా కనబడ్డానికి ఎక్కించే మందు. సీటీలో ఎక్కించేది అయోడిన్ ఉన్న మందు. పెద్దవాళ్లకి పొట్ట స్కాన్ అంటే సుమారు 100 మి.లీ. పడుతుంది. అందులో అయోడినే 30 గ్రాముల దాకా ఉంటుంది. ఎంఆర్‌ఐలో వాడేది గాడోలినియం అనే లోహం ఉన్న మందు. 60 కిలోల మనిషికి మామూలుగా 12 మి.లీ. సరిపోతుంది. సీటీ డై మోచేతి దగ్గర నరంలో పెట్టిన సన్నటి గొట్టం, అంటే కాన్యులాలోంచి మెషీన్ తోస్తే సెకనుకి 3 మి.లీ. చొప్పున వెళ్తుంది. అప్పుడు గొంతు నుంచి కిందికి వేడి పాకుతుంది, నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుంది, మూత్రం వచ్చేసిందేమో అనిపిస్తుంది. నిమిషంలో పోతుంది. అది ఎలర్జీ కాదు, టెన్షన్ పడక్కర్లేదు. దద్దుర్లు లేచినా, గొంతు పట్టేసినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా మాత్రం వెంటనే చెప్పాలి.

ముందు సీటీ మందుల్లోనే ఒక పోలిక తేల్చేద్దాం. ఒకప్పుడు ఐవీపీ అనే కిడ్నీ ఎక్స్‌రేలకి వాడిన డయాట్రిజోయేట్ లాంటి అయానిక్ (కరిగితే అయాన్లుగా విడిపోయే) మందులు రక్తం కన్నా ఐదారు రెట్లు గాఢంగా ఉండేవి. ఇప్పుడు వాడే నాన్ అయానిక్ మందులు, అంటే అయోహెక్సాల్, అయోప్రమైడ్, అయోపమిడాల్ వంటివి, రెండుమూడు రెట్లే. అయోడిక్సనాల్ అయితే దాదాపు రక్తంతో సమానం. జపాన్‌లో కతయామా బృందం మూడు లక్షలకు పైగా కేసులు చూసి 1990లో లెక్క ప్రచురించింది. అయానిక్ మందులతో ఏదో ఒక ఇబ్బంది వచ్చినవాళ్లు 12.66 శాతం, నాన్ అయానిక్‌తో 3.13 శాతం. తీవ్రమైనవి 0.22 శాతం నుంచి 0.04కి పడిపోయాయి. ఇక్కడ తర్జనభర్జన ఏమీ లేదు. నరంలోకి ఎక్కించేదైతే నాన్ అయానికే. డయాట్రిజోయేట్‌ని తాగడానికి ఇస్తే అది వేరే లెక్క, దానికి భయపడక్కర్లేదు.

ఇప్పుడు ఎలర్జీ సంగతి. ఈ విషయంలో ఎంఆర్‌ఐ డైదే పైచేయి. దాంతో తీవ్రమైన రియాక్షన్లు లక్షమందిలో ఒకరి నుంచి పదిమంది దాకా ఉంటాయని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ మాన్యువల్ చెబుతుంది. సీటీ డై పడనంత మాత్రాన ఎంఆర్‌ఐ డై కూడా పడదనుకోనక్కర్లేదు, రెండూ వేరు వేరు పదార్థాలు.

అలాగని పడనివాళ్లందరూ ఎంఆర్‌ఐకి మారిపోవాలా? నా లెక్కలో అక్కర్లేదు. ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిన రక్తం, యాక్సిడెంట్‌లో లోపల రక్తస్రావం లాంటివి చూడ్డానికి నిమిషాల్లో అయిపోయే సీటీకి సాటి లేదు. అరగంట, ముప్పావుగంట ఎంఆర్‌ఐ సొరంగంలో కదలకుండా పడుకోవడం ఆయాసంతో ఉన్నవాళ్లకి అయ్యే పని కాదు. కొందరికి పేస్‌మేకర్ అడ్డం వస్తుంది. వీళ్లకి ఇంకో దారి ఉంది. గతంలో పడని అయోడిన్ మందు పేరు తెలిస్తే, ఈసారి వేరే అయోడిన్ మందు వాడొచ్చు. స్టెరాయిడ్ మాత్రలు ముందుగా వేయడం కూడా ఉంది: స్కాన్‌కి 13, 7, 1 గంటల ముందు ప్రెడ్నిసోన్, చివర్లో ఒక యాంటీహిస్టమిన్ (ఎలర్జీని అణిచే మందు). కానీ అదే మందు మళ్లీ ఎక్కించి స్టెరాయిడ్ మీద భారం వేయడం కన్నా మందు మార్చడమే మెరుగని ఈమధ్య నిపుణులు ఎక్కువగా మొగ్గుతున్నారు. గతంలో ప్రాణం మీదికి వచ్చినవాళ్లు మాత్రం ఏ మార్పుతోనూ ధీమాగా ఉండకూడదు. అసలు ఆ డై లేకుండా పని జరుగుతుందా అన్నదే వాళ్లు ముందు తేల్చుకోవాలి.

రొయ్యలు పడవు కాబట్టి సీటీ డై పడదనే నమ్మకం గోదావరి జిల్లాల్లో వింటాం, అమెరికాలోనూ వింటాం. రొయ్యల ఎలర్జీ వాటిలోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ వల్ల, అయోడిన్ వల్ల కాదు. అయోడిన్ ఉన్న ఉప్పు రోజూ తింటూనే ఉన్నాం కదా. ఆస్తమా, ఇతర ఎలర్జీలు ఉన్నవాళ్లకి రిస్క్ కాస్త ఎక్కువే, కానీ దానికి రొయ్యల మీద ప్రత్యేకంగా నింద వేయక్కర్లేదు. "టెస్ట్ డోస్ ఇచ్చాం, ఏం కాలేదు" అన్న భరోసాకి కూడా పెద్ద విలువ లేదు. ఆ ఒక మి.లీ. చూసి మిగతా 99 గురించి చెప్పలేం. ఒక్కోసారి ఆ కొంచెంతోనే రియాక్షన్ వస్తుంది.

కిడ్నీ దగ్గరికి వస్తే కథ మారుతుంది. సీటీ డై కిడ్నీల్ని దెబ్బతీస్తుందన్న పాత అంచనాలు ఎక్కువ చేసి చెప్పినవే. అసలే జబ్బుతో ఉన్నవాళ్లకి డై ఇవ్వకపోయినా క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం) పెరుగుతుందని తర్వాత పోల్చి చూస్తే తేలింది. ఇప్పుడు ప్రధానంగా జాగ్రత్తపడేది ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం అంచనా) 30 కన్నా తక్కువ ఉన్నవాళ్ల విషయంలో, కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిన్నవాళ్ల విషయంలో. మెట్‌ఫార్మిన్ వేసుకునే షుగర్ పేషెంట్లు దాన్ని 48 గంటలు ఆపాల్సిందీ సాధారణంగా ఈ పరిస్థితుల్లోనే.

"అయితే కిడ్నీవాళ్లకి ఎంఆర్‌ఐయే మేలు" అని ఒకప్పుడు ధీమాగా పంపేవాళ్లు. అక్కడే దెబ్బతిన్నారు. చర్మం చెక్కలా బిగుసుకుపోయి కీళ్లు వంగని ఒక జబ్బు 2000లో వైద్య పత్రికకెక్కింది. దానికి నెఫ్రోజెనిక్ సిస్టమిక్ ఫైబ్రోసిస్ అని పేరు. అది వచ్చినవాళ్లంతా కిడ్నీ రోగులే. దానికి గాడోలినియంతో సంబంధం ఉందని 2006లో బయటపడింది. గాడోలినియం ఒంటరిగా విషం, అందుకే దాన్ని ఇంకో అణువులో బంధించి ఇస్తారు. లీనియర్ రకాల్లో ఆ బంధం తలుపు లేని పంజరం లాంటిది, లోహం జారిపోవచ్చు. మాక్రోసైక్లిక్ రకాల్లో చుట్టూ మూసి ఉంటుంది. గాడోడయమైడ్ లాంటి కొన్ని లీనియర్ మందుల్ని నరంలోకి ఇవ్వడాన్ని యూరప్ 2017లో నిలిపేసింది. గాడోటెరేట్, గాడోబ్యుట్రాల్ లాంటి మాక్రోసైక్లిక్ రకాలతో ఆ చర్మజబ్బు రావడం చాలా అరుదు. మెదడులో కొంత గాడోలినియం మిగిలిపోతుందనడానికి సూచనలు జపాన్ వైద్యులు 2014లో చూపించారు, దానివల్ల హాని జరిగినట్టు మాత్రం రుజువు కాలేదు.

కాబట్టి కిడ్నీ పనితీరు బాగా తగ్గి, ఇంకా మూత్రం వస్తున్నవాళ్లకి రెండు స్కాన్లలో ఏదైనా సరిపోయే జబ్బయితే నేను మాక్రోసైక్లిక్ ఎంఆర్‌ఐ వైపే ఉంటాను. డయాలసిస్ మీద ఉండి మూత్రం పూర్తిగా ఆగిపోయినవాళ్లకి తర్కం తిరగబడుతుంది. కాపాడుకోవాల్సిన కిడ్నీ పని మిగల్లేదు గనక సీటీ డైకి పెద్దగా జంకక్కర్లేదు.

డై లేని స్కాన్‌ని చాలామంది నాసిరకం అనుకుంటారు. కిడ్నీలో రాయికి, తలకి దెబ్బ తగిలినప్పుడు మొదటి స్కాన్‌కి ప్లెయిన్ సీటీయే సరైనది. లివర్‌లో గడ్డ ఏమిటో తేల్చాలంటే మాత్రం ప్లెయిన్‌తో సరిపెట్టుకోవడం పొదుపు కాదు, మళ్లీ స్కాన్‌కి రావడమే. అలాంటిచోట అల్ట్రాసౌండ్‌లో ఎక్కించే సన్నటి గ్యాస్ బుడగల మందు కూడా ఒక దారి. ఆ గ్యాస్ ఊపిరితో బయటికి పోతుంది, కిడ్నీకి పని లేదు. అన్ని ఊళ్లలో దొరకదు, అదొక ఇబ్బంది. పాలిచ్చే తల్లులకి సీటీ డై అయినా గాడోలినియం అయినా పాలు ఆపాల్సిన పని లేదు.

ఏ డై అన్నదాని కన్నా ఎక్కడ ఎక్కించుకుంటున్నాం అన్నది ఒక్కోసారి ముఖ్యం. తీవ్రమైన రియాక్షన్లు చాలావరకు మొదటి 20 నిమిషాల్లోనే వస్తాయి. అప్పుడు పనిచేసేది తొడ కండలో వేసే అడ్రినలిన్. ఎవిల్ అనే యాంటీహిస్టమిన్, స్టెరాయిడ్ ఆ తర్వాతి సంగతి. ఆ గదిలో అడ్రినలిన్ ఉందా, వేయడానికి డాక్టర్ అందుబాటులో ఉన్నారా అని అడగడానికి మొహమాటపడకండి. స్కాన్ అయ్యాక అరగంట అక్కడే కూర్చోండి, కాన్యులా అప్పుడే తీయించుకోవద్దు. గతంలో ఏదైనా జరిగి ఉంటే "ఏదో డై పడలేదు" అంటే కుదరదు. మందు పేరు, ఎన్ని నిమిషాలకి ఏం వచ్చింది, ఏ ఇంజెక్షన్‌తో తగ్గింది అన్నవి ఆ రోజే రిపోర్టు మీద రాయించుకోవాలి. వచ్చేసారి వేరే మందు ఎంచుకోవడానికి డాక్టర్ చేతిలో ఉండే ఆధారం అదే.