మడ అడవి తిరిగి రావాలంటే: మొక్కలా, కాలువలా?

కాకినాడ దగ్గరి కోరంగి లాంటి చోట, సముద్రపు పోటు నీళ్ళు తగిలే తీరంలో పెరిగే మడచెట్లు కొట్టేస్తే నేల ఎండి, కుంగి, పళ్ళెంలా గుంటపడుతుంది. పోటుకు వచ్చిన నీళ్ళు బయటికి పోలేక అక్కడే ఇగిరిపోతాయి. మిగిలేది ఉప్పు, అంచుల్లో తెల్లటి పొర కంటికే కనిపిస్తుంది.

అక్కడ నేరుగా మొక్కలు నాటడం సులువు, ఖర్చూ తక్కువ. కానీ ఆ ఉప్పులో లేత వేర్లు నిలవవు. పడిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

రెండో దారి కాలువలు. మధ్యలో పెద్ద కాలువ, రెండు వైపులా చేపముల్లులా పిల్లకాలువలు తవ్వుతారు. పోటు నీరు లోపలికి వచ్చి, పాటుకు వెనక్కి పోతూ ఉప్పును కడిగేస్తుంది. ఆ గట్ల వాలులోనే మొక్కలు నాటుతారు. ఖర్చు ఎక్కువే, పూడిక కూడా తీస్తుండాలి. అయినా నా ఓటు దీనికే. నీళ్ళు సరిగ్గా ఆడి, దగ్గర్లో తల్లిచెట్లు ఉంటే, గింజలు కొట్టుకొచ్చి వాటంతటవే మొలుస్తాయి.