మూడు డోసులా, రెండు డోసులా, ముందు పరీక్షా? హెపటైటిస్ బి టీకాలో ఏది మేలు

నా పాత టీకా కార్డులో హెపటైటిస్ బి వరుసలో మూడు గళ్లున్నాయి. మొదటి రెండింట్లో తేదీ, సంతకం, బ్యాచ్ నంబరున్న చిన్న స్టిక్కరు. మూడోది ఖాళీ. ఆరో నెల వచ్చేసరికి చేయి నొప్పితో పాటు టీకా సంగతి కూడా మర్చిపోయాను. నాలుగేళ్ల తర్వాత చిన్న ఆపరేషన్ కోసం రక్తపరీక్షలు రాస్తే అప్పుడు గుర్తొచ్చింది. "మళ్లీ మొదట్నుంచి వేయించుకోవాలా సిస్టర్?" అని టెన్షన్ పడుతూ అడిగాను. ఆవిడ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "మొదట్నుంచి ఎందుకండీ, ఆగిన చోటు నుంచే. రిపోర్టు రానివ్వండి, ఆ మూడోది వేసేద్దాం" అంది.

అంతే. ఎన్నేళ్లు గడిచినా వేసుకున్న డోసులు లెక్కలోంచి పోవు. ఈ సంగతి తెలియక "ఇంక మొదట్నుంచి ఎవరు వేయించుకుంటారులే" అని వదిలేసినవాళ్లు చాలామంది ఉంటారు. అందుకే ఈ టీకాలో ఏది మేలని ఎవరైనా అడిగితే నేను ముందు చూసేది ఒకటే: ఆ పద్ధతిలో చివరి సూది దాకా ఈ మనిషి వెళ్తాడా, లేదా?

ముందు పరీక్షా, ముందు టీకానా?

రెండూ ఒకే రోజు కుదురుతాయి. వరుస మాత్రం మారకూడదు. రక్తం ముందు, సూది తర్వాత. టీకాలో ఉండేది కాలేయానికి పట్టే హెపటైటిస్ బి వైరస్ పైపొరలోని ప్రోటీన్. రక్తపరీక్షలో హెచ్‌బీఎస్‌ఏజీ పేరుతో వెతికేదీ సరిగ్గా దాన్నే. టీకా వేయించుకున్న కొద్ది రోజుల్లో పరీక్ష చేయిస్తే, జబ్బు లేకపోయినా పాజిటివ్ కనబడే అవకాశం ఉంది. 18 రోజుల దాకా అలా కనబడిన సందర్భాలున్నాయి. రిపోర్టు చూసి ఇంట్లో అందరి గుండెలూ జారిపోతాయి, అసలు సంగతి తేలేసరికి నెల గడుస్తుంది. రక్తదానం చేసేవాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి.

అసలు పరీక్ష ఎందుకంటారా? ఈ వైరస్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. 2022 నాటికి ప్రపంచంలో 25 కోట్ల 40 లక్షల మంది దీర్ఘకాలిక హెపటైటిస్ బితో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లక్షణాలు లేకుండా ఏళ్లకేళ్లు గడిచిపోతాయి, లోపల కాలేయం గట్టిపడుతూ ఉంటుంది. అలాంటి మనిషికి టీకా వేస్తే హాని లేదు, లాభమూ లేదు. "టీకా వేయించుకున్నాను, నాకేం కాదు" అన్న ధీమాయే ప్రమాదం. టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి మందులతో వైరస్‌ని అదుపులో పెట్టే అవకాశం చేజారుతుంది. పాత ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లు కీమోథెరపీకో, రోగనిరోధక శక్తిని అణిచే మందులకో వెళ్తే, అణిగి ఉన్న వైరస్ మళ్లీ లేచే ప్రమాదమూ ఉంది.

పరీక్ష అంటే ఒక్కటి కాదు, మూడు కలిపి చేయించాలి. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అయితే వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందని. యాంటీ హెచ్‌బీఎస్ అనే యాంటీబాడీ ఒక్కటే పాజిటివ్ అయితే అది టీకా వల్ల వచ్చిన రక్షణ. దానికి తోడు యాంటీ హెచ్‌బీసీ అనే ఇంకో యాంటీబాడీ కూడా పాజిటివ్ అయితే, జబ్బు ఎప్పుడో వచ్చి తగ్గిపోయిందని. ఈ మూడోరకం వాళ్లకి టీకా అక్కర్లేదు. అమెరికాలో 2023 నుంచి పెద్దవాళ్లందరికీ జీవితంలో ఒక్కసారైనా ఈ మూడు పరీక్షలూ చేయాలని సిఫార్సు చేస్తున్నారు.

"నాకు చిన్నప్పుడు పచ్చకామెర్లు వచ్చాయి, ఇంక టీకా ఎందుకు" అనే మాట తరచూ వినబడుతుంది. కామెర్లు జబ్బు పేరు కాదు, లక్షణం. హెపటైటిస్ ఎ వల్ల రావచ్చు, ఇ వల్ల రావచ్చు, పిత్తాశయంలో రాయి అడ్డుపడినా రావచ్చు. వాటిలో ఏదీ బి నుంచి కాపాడదు. పరీక్ష చేయించే వీలు లేదనుకోండి, దాని కోసం టీకా మాత్రం ఆపకండి.

మూడు డోసులా, రెండు డోసులా?

మామూలుగా దొరికేది మూడు డోసుల టీకా: ఇవాళ ఒకటి, నెలకి ఒకటి, ఆరో నెలలో ఒకటి. 1981లో వచ్చిన మొదటి టీకాని వైరస్ ఉన్నవాళ్ల రక్తంలోంచి తీసి శుద్ధిచేసేవారు. 1986 నుంచి ఈస్ట్ కణాల చేత ఆ ఒక్క ప్రోటీన్‌ని తయారుచేయిస్తున్నారు. ఇందులో వైరస్సే లేదు కాబట్టి టీకా వల్ల హెపటైటిస్ బి వచ్చే ప్రసక్తి లేదు.

ఆరోగ్యంగా ఉన్న, 40 ఏళ్ల లోపు మనుషుల్లో మొదటి డోసుతో దాదాపు మూడోవంతు నుంచి సగం మందికి, రెండో డోసుతో నూటికి 75 మందికి, మూడో డోసుతో 90 మందికి పైగా రక్షణ వస్తుంది. రెండో డోసు దగ్గర ఆగిపోతే నలుగురిలో ఒకరు ఖాళీ చేతులతో మిగిలినట్టే. మూడోది అంత ఆలస్యంగా ఎందుకంటే, ఆ ఐదు నెలల వ్యవధిలో వైరస్‌ని గుర్తుపెట్టుకునే జ్ఞాపక కణాలు పదునెక్కుతాయి. అప్పుడు పడే సూదికి యాంటీబాడీలు ఎన్నో రెట్లు పెరుగుతాయి. వ్యవధి ఇంకా పెరిగినా నష్టం లేదు, తగ్గితేనే ఇబ్బంది. మొదటి డోసుకీ మూడో డోసుకీ మధ్య కనీసం 16 వారాలుండాలి.

రెండు డోసుల టీకా పేరు హెప్లిసావ్ బి. 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. ప్రోటీన్ అదే, దాన్ని రోగనిరోధక వ్యవస్థకి గట్టిగా చూపించే సహాయక పదార్థం వేరు. పాతవాటిలో అల్యూమినియం లవణం ఉంటే, ఇందులో బ్యాక్టీరియా డీఎన్‌ఏని పోలిన చిన్న ముక్క ఉంటుంది. దాన్ని చూడగానే ఒళ్లు ఏదో బ్యాక్టీరియా దిగిందన్నంత చురుగ్గా స్పందిస్తుంది. నాలుగు వారాల తేడాతో రెండు సూదులు, పని అయిపోతుంది.

ఈ రెండింటి తేడా అసలు కనబడేది షుగర్ ఉన్నవాళ్లలో. రెండు టీకాలనూ పోల్చిన ప్రయోగాల్లో, టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో కొత్తదానితో నూటికి 90 మందికి రక్షణ వస్తే, పాతదానితో 65 మందికే వచ్చింది. వయసు 40 దాటినవాళ్లలోనూ కొత్తదే ముందుంది. కాబట్టి వయసు మీదపడినవాళ్లు, షుగర్, అధిక బరువు, పొగతాగే అలవాటు ఉన్నవాళ్లు దొరికితే రెండు డోసులదే తీసుకోవడం మేలు. నాలాంటి మతిమరుపు మనుషులు కూడా.

అన్నిచోట్లా దొరక్కపోవడం దీని మొదటి లోపం. 18 ఏళ్లలోపు వాళ్లకి వేయరు. గర్భిణులకి ఎక్కువ ఏళ్ల అనుభవం ఉన్నది పాత టీకాలతోనే. పాతది ఒక డోసు వేసుకుని మధ్యలో దీనికి మారాలన్నా వీలుంది. నాలుగు వారాల తేడాతో ఇది రెండు డోసులు పడితే కోర్సు పూర్తయినట్టే లెక్క. పాతికేళ్లవాళ్లు, ఏ జబ్బూ లేనివాళ్లు అయితే కొత్తదాని కోసం ఎదురుచూడకండి. దగ్గర్లో దొరికే పాతదాన్ని ఇవాళే మొదలుపెట్టడం మంచిది.

తొందరలో ఉన్నవాళ్లకి ఇంకో పద్ధతి ఉంది. 0, 7, 21 రోజుల్లో మూడు సూదులు వేస్తారు. ప్రయాణం దగ్గరపడినప్పుడు పనికొస్తుంది, అయితే ఇది అప్పు లాంటిది. ఏడాదికి నాలుగో డోసుతో తీర్చాల్సిందే. చాలామంది ఆ నాలుగోది ఎగ్గొడతారు.

ఎ, బి రెండూ కలిపిన టీకా కూడా ఉంది. సూదులు తగ్గుతాయి, నిజమే. కానీ పెద్దల ఎ టీకాలో మామూలుగా ఉండే మోతాదులో సగమే ఇందులో ఉంటుంది. విడిగా ఎ టీకా ఒక్క డోసుతోనే మంచి రక్షణ మొదలవుతుంది. కలిపినదానిలో ఎ కోసం కూడా మొత్తం కోర్సు పూర్తిచేయాలి. వచ్చే వారం ప్రయాణమైతే విడివిడిగా వేయించుకోవడమే నయం.

పుట్టిన బిడ్డ విషయంలో

ఇక్కడ ఇదా, అదా అని తూచడానికేం లేదు. పుట్టిన 24 గంటల్లో మొదటి డోసు పడాలి. పసికందుకి వైరస్ సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే అలా మిగిలేది నూటికి ఐదుగురి కంటే తక్కువే, మిగతావాళ్ల ఒళ్లు దాన్ని తరిమేస్తుంది. అంటే పెద్దవాళ్ల కంటే పసివాళ్లకే ఈ సూది మీద ఎక్కువ తొందర. తైవాన్ 1984లో ముందుగా వైరస్ ఉన్న తల్లుల బిడ్డలకీ, తర్వాత పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ టీకా మొదలుపెట్టింది. ఆ తరం పిల్లల్లో కాలేయ క్యాన్సర్ తగ్గడాన్ని అక్కడి వైద్యులు లెక్కలతో చూపించారు.

తల్లికి వైరస్ ఉంటే బిడ్డకి టీకాతో పాటు హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల సూది) కూడా 12 గంటల్లోపు ఇస్తారు, రెండూ చెరో తొడకి. తల్లి రక్తంలో వైరస్ బాగా ఎక్కువగా ఉంటే కడుపుతో ఉన్న చివరి నెలల్లో ఆమెకి టెనోఫోవిర్ మొదలుపెడతారు. బిడ్డకి ఇవన్నీ పడితే తల్లి పాలు మానిపించక్కర్లేదు.

సూది గుచ్చుకుంటే టీకానా, ఇమ్యునోగ్లోబ్యులినా?

వాడిన సూది గుచ్చుకున్నప్పుడు అందరికీ మొదట గుర్తొచ్చేది హెచ్‌ఐవీ. దాని ప్రమాదం వెయ్యిసార్లకి సుమారు మూడు. టీకా లేని మనిషికి హెపటైటిస్ బి ఉన్న రక్తంతో అదే జరిగితే ప్రమాదం నూటికి 30 దాకా వెళ్లొచ్చు. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది. అందుకే ఒకరి రేజరూ, టూత్‌బ్రష్షూ ఇంకొకరు వాడొద్దని చెప్పేది. కలిసి తినడం వల్లో, కౌగిలించుకోవడం వల్లో ఇది రాదు.

ఇమ్యునోగ్లోబ్యులిన్ అంటే ఇంకొకరి ఒంట్లో తయారైన యాంటీబాడీలు. వెంటనే పనిచేస్తాయి, కొన్ని నెలల్లో కరిగిపోతాయి. టీకా ఒంటికి తయారుచేసుకోవడం నేర్పుతుంది, దానికి వారాలు పడుతుంది. టీకా ఎప్పుడూ వేసుకోనివాళ్లకి రెండూ కావాలి, వేర్వేరు చోట్ల, వీలైతే 24 గంటల్లో. సూది గుచ్చుకున్న వారం దాటితే ఇమ్యునోగ్లోబ్యులిన్ పెద్దగా పనికిరాదు. ముందు సబ్బు, నీళ్లతో కడగండి, పిండకండి. టీకా పూర్తయి, రక్షణ వచ్చిందని పరీక్షలో తేలినవాళ్లకి ఇవేవీ అక్కర్లేదు.

చేతికా, పిరుదుకా?

పెద్దవాళ్లకి భుజం కండకే. పిరుదుకి వేస్తే మందు కొవ్వులోకి పోయి రక్షణ తగ్గుతుందని తేలింది. చేయి ఒకటి రెండు రోజులు నొప్పెడుతుంది, కొందరికి కాస్త జ్వరం వస్తుంది. ఈస్ట్‌కి తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. ప్రాణాంతక అలర్జీ సుమారు పది లక్షల డోసులకి ఒకటి. ఈ టీకా వల్ల మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు వస్తుందన్న భయం 1990ల్లో ఫ్రాన్స్‌లో గట్టిగా పాకింది. తర్వాత జరిగిన పెద్ద పరిశీలనల్లో ఆ సంబంధం కనబడలేదు.

బూస్టరా, టైటర్ పరీక్షా, రెండూ వద్దా?

టైటర్ అంటే రక్తంలో యాంటీబాడీలు ఎంత ఉన్నాయో కొలిచే పరీక్ష. ఆరోగ్యవంతులకి రెండూ వద్దు. యాంటీ హెచ్‌బీఎస్ 10 యూనిట్లు దాటితే రక్షణ ఉన్నట్టు. ఏళ్లు గడిచాక అది పదికి దిగువకి పడిపోవచ్చు, అయినా జ్ఞాపక కణాలు అలాగే ఉంటాయి. ఈ వైరస్ లోపలికి వచ్చాక జబ్బుగా బయటపడడానికి సగటున మూడు నెలలు తీసుకుంటుంది. జ్ఞాపక కణాలు మేల్కొనడానికి ఆ సమయం చాలు. కోర్సు పూర్తిచేసినవాళ్లలో 30 ఏళ్ల తర్వాత కూడా రక్షణ నిలిచే ఉన్నట్టు గమనించారు.

టైటర్ నిజంగా కావాల్సింది కొందరికే: ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో రక్తంతో పనిచేసేవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, హెచ్‌ఐవీ లాంటి కారణాలతో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, భార్యకో భర్తకో ఈ వైరస్ ఉన్నవాళ్లు, వైరస్ ఉన్న తల్లికి పుట్టిన పిల్లలు. పెద్దవాళ్లయితే చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలల్లో చేయించాలి. పదేళ్ల తర్వాత చేయించి, తక్కువ వచ్చిందని కంగారుపడితే ఆ అంకెకి అర్థం తేల్చడం కష్టం. డయాలసిస్ వాళ్ల సంగతి వేరు. వాళ్లకి మోతాదు రెట్టింపు, ఏటా పరీక్ష, పదికి దిగితే బూస్టర్.

పూర్తి కోర్సు వేసుకున్నా కొందరికి యాంటీబాడీలు రావు. వాళ్లకి రెండో కోర్సు వేస్తారు, అందులో చాలామందికి వస్తాయి. అప్పటికీ రాకపోతే హెచ్‌బీఎస్‌ఏజీ చూడాలి. వైరస్ ముందే ఒంట్లో ఉండి ఉండొచ్చు.

ఆ రోజు నా రిపోర్టు నెగటివ్ వచ్చాక మూడో డోసు పడింది. దూది నొక్కి పట్టుకుని, "టైటర్ కూడా చూపించుకోవాలా సిస్టర్?" అన్నాను.

"ఆసుపత్రిలో పనిచేస్తారా?"

"లేదండీ."

"ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"లేదు."

"అయితే ఈ కార్డు ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, చాలు. పావుగంట ఇక్కడే కూర్చుని వెళ్లండి."