800×600లో శుభలేఖ: వర్చువల్‌బాక్స్‌తో మూడు నెలలు

తెనాలిలో చిన్న డీటీపీ కొట్టు నాది. శుభలేఖలు, అన్నప్రాశన కార్డులు, పెద్దకర్మ ఆహ్వానాలు, అయ్యప్ప పడిపూజ కరపత్రాలు, బడులకు ప్రశ్నపత్రాలు. 1998 నుంచి ఇదే పని. పేజీలు కూర్చే సాఫ్టువేరు పేజ్‌మేకర్ 6.5తో మొదలుపెట్టి 7.0 దగ్గర ఆగిపోయాను. నేను ఆగడం మాట అటుంచండి, పేజ్‌మేకరే 2001లో అక్కడ ఆగిపోయింది. ఇరవై ఏళ్లకు పైగా కూడిన పీఎండీ ఫైళ్లు (పేజ్‌మేకరువి), వాటికి సరిపోయే పాత తెలుగు అక్షరాలు, వేళ్లకు పట్టేసిన యాపిల్ అనే తెలుగు టైపింగు కీబోర్డు వరస, ఇదంతా ఒక విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరులో ఉండేది. మాఘమాసం ముహూర్తాలకు వారం ముందు ఆ కంప్యూటరు మదర్‌బోర్డు పోయింది. మూత తీసి చూస్తే కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. హార్డ్‌డిస్కు మాత్రం బతికింది.

గుంటూరులో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు, "మామయ్యా, కొత్త ల్యాప్‌టాప్‌లోనే నీ పాత ఎక్స్‌పీని ఒక కిటికీలో నడిపిస్తాను" అన్నాడు. అలా మా కొట్టులోకి, ఒక కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరును నడిపే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్టువేరు వచ్చింది. వాడు ఎక్కించింది 6.1. ఆ తర్వాత 7.0, 7.1 కూడా వచ్చాయి కానీ నేను మార్చలేదు. పని నడుస్తున్న యంత్రం మీద చెయ్యి వేయకూడదని నా నియమం.

చేతులు మారిన సాఫ్టువేరంటే నాకు మొదటినుంచీ అనుమానం. పేజ్‌మేకరు 1985లో అల్డస్ కంపెనీది, 1994లో అడోబీ చేతికి వెళ్లింది, చివరికి మూలన పడింది. వర్చువల్‌బాక్స్ కథ కూడా అలాగే మొదలైందట. జర్మనీలోని ఇన్నోటెక్ అనే సంస్థ తయారుచేసి 2007లో దాని మూల కోడ్‌ను అందరికీ తెరిచి పెట్టింది. 2008లో సన్ అనే కంపెనీ కొన్నది, 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నది. ఇన్ని ఇళ్లు మారినా ఇది బతికే ఉంది, అసలు ప్యాకేజీ ఇంకా ఉచితమే. ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అని అదనపు సౌకర్యాలతో విడిగా దొరికేదానికి మాత్రం వేరే లైసెన్సు. సొంత వాడకానికి, చదువులకు అది ఉచితం, వ్యాపారానికి కాదు. మనది కొట్టు కాబట్టి నేను దాని జోలికి పోలేదు, నా పనికి దాని అవసరమూ పడలేదు.

ఇక అసలు బాధ. ఎక్స్‌పీ లేచింది, పచ్చని కొండ, నీలాకాశం కనిపించాయి. పాత స్నేహితుడు ఎదురుపడినట్టయింది. కానీ అదంతా ల్యాప్‌టాప్ తెర మధ్యలో పోస్టుకార్డంత డబ్బాలో! తెర 1920×1080 చుక్కలు (పిక్సెళ్లు), లోపలి ఎక్స్‌పీ 800×600. లోపల డిస్‌ప్లే ప్రాపర్టీస్ తెరిచి జరుపుడు మీటను ఎంత కుడివైపుకు లాగినా 800 దగ్గరే ఆగింది.

డీటీపీ చేయనివారికి ఇది చిన్న చికాకుగానే అనిపించవచ్చు. లెక్క చెబుతాను. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, అంటే 8.27 అంగుళాలు. అంగుళానికి 96 చుక్కల చొప్పున వంద శాతంలో చూస్తే ఆ కాగితానికే 794 చుక్కలు కావాలి. తెర వెడల్పేమో 800. మిగిలిన ఆరు చుక్కల్లో టూల్‌బాక్స్ ఎక్కడ పెట్టాలి, స్టైల్స్ ఎక్కడ పెట్టాలి, స్క్రోల్‌బార్ ఎక్కడ పెట్టాలి? ఎత్తు 1123 కావాలి, ఉన్నది 600. సగం పేజీ ఎప్పుడూ నేల కిందే. వధువు పేరు దిద్దుతుంటే వరుడు కనిపించడు.

మా బజారులోనే ఉన్న ఒక సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాను. పేరెందుకులెండి. కుర్రవాడు రెండు నిమిషాలు చూసి, గ్రాఫిక్స్ బలం చాలదు, ఇంతకంటే మంచి ల్యాప్‌టాప్ కొనుక్కోండి అన్నాడు. చూసినందుకు 500 రూపాయలు. ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం మీద గుణించాను. 1920ని 1080తో గుణించి, ఒక్కో చుక్కకు నాలుగు బైట్ల చొప్పున వేస్తే ఎనిమిది ఎంబీల పైచిలుకు. వర్చువల్‌బాక్స్‌లో మా ఎక్స్‌పీకి కేటాయించిన వీడియో మెమరీ 16 ఎంబీ. పూర్తి తెరకు కావలసిన దానికి దాదాపు రెండింతలు అప్పటికే ఉందన్నమాట! సెట్టింగుల్లో ఆ మీటను 128 దాకా జరపవచ్చు, నేనూ జరిపి చూశాను, తేడా ఏమీ రాలేదు. లోటు బలంలో లేదు.

లోటు ఎక్కడుందంటే, ఎక్స్‌పీకి తన ముందున్న తెర ఏమిటో తెలియదు. వర్చువల్‌బాక్స్ దానికి ఒక ఊహాజనితమైన గ్రాఫిక్స్ కార్డును చూపిస్తుంది. ఆ కార్డుతో మాట్లాడే చిన్న ప్రోగ్రాము, అంటే డ్రైవరు, 2001 నాటి ఎక్స్‌పీ సీడీలో ఉండే అవకాశమే లేదు. ఆ డ్రైవరు గెస్ట్ అడిషన్స్ అనే మూటలో ఉంటుంది, ఆ మూట వర్చువల్‌బాక్స్‌తోనే వస్తుంది. ఎక్స్‌పీ నడుస్తుండగా పైన డివైసెస్ మెనూలో చిట్టచివర ఇన్సర్ట్ గెస్ట్ అడిషన్స్ సీడీ ఇమేజ్ అని ఉంటుంది. అది నొక్కితే లోపల మై కంప్యూటర్‌లో సీడీ పెట్టినట్టు కనిపిస్తుంది. తెరిచి ఎక్కించడమే. మధ్యలో ఈ డ్రైవరు విండోస్ లోగో పరీక్ష దాటలేదంటూ ఎక్స్‌పీ బెదిరిస్తుంది. అయినా కొనసాగించమని చెప్పాలి, తర్వాత ఒకసారి ఆపి మళ్లీ లేపాలి.

చేశాం. అయినా 800×600 కదల్లేదు!

ఇక్కడ తప్పు పూర్తిగా మా ఇంటిది. ఎక్స్‌పీ ఎక్కించడానికి ముందు మావాడు ఏదో వీడియో చూసి, సెట్టింగుల్లో గ్రాఫిక్స్ కంట్రోలరును, అంటే ఆ ఊహాజనిత కార్డు రకాన్ని, వీఎంఎస్‌వీజీఏకి మార్చాడు. ఆ వీడియో లినక్స్ వాళ్ల కోసం చేసింది. లినక్స్‌కు అదే సరైనది, విండోస్ 7 ఆ తర్వాతి వాటికి వీబాక్స్ఎస్‌వీజీఏ, అంతకంటే పాత విండోస్‌కు వీబాక్స్‌వీజీఏ. కొత్తగా యంత్రం తయారుచేసేటప్పుడు విండోస్ ఎక్స్‌పీ అని ఎంచుకుంటే వర్చువల్‌బాక్స్ తనంతట తనే సరైనది పెట్టి ఉంచుతుంది. దాన్ని మేము చెడగొట్టుకున్నాం. పైగా సెట్టింగుల కిటికీ అడుగున, మీరు పెట్టినది సిఫారసు చేసిన కంట్రోలరు కాదు, మార్చుకోండి అని చిన్న అక్షరాల్లో రాసే ఉంది. పాతికేళ్లుగా ఊరందరి అచ్చుతప్పులు పట్టేవాణ్ని, ఆ వాక్యం చదవలేదు.

ఎక్స్‌పీని పూర్తిగా మూసేసి వీబాక్స్‌వీజీఏకి మార్చి లేపాం. డ్రైవరు పట్టుకుంది. వ్యూ మెనూలో ఆటో రీసైజ్ గెస్ట్ డిస్‌ప్లే పక్కన గుర్తు ఉందో లేదో చూసి, కిటికీ మూల పట్టుకుని లాగాను. లోపలి ఎక్స్‌పీ కూడా దాంతోపాటు సాగింది. టాస్క్‌బారు కిందికి, ఐకాన్లు అంచుకు, మధ్యలో నా పేజీ నిండుగా. మా ఆవిడను పిలిచి మూడుసార్లు లాగి చూపించాను. కాఫీ చల్లారిపోతోంది అంది.

రెండో వారంలో కొత్త వింత మొదలైంది. పని మధ్యలో ఉన్నట్టుండి మెనూలు మాయమై, తెర మొత్తం ఉబ్బి, అక్షరాలు అలుక్కుపోయేవి. లక్ష్మి అన్న మాటలో ఒత్తులు కలిసిపోయి మచ్చలా కనిపించేది. ఫాంటు చెడిందనుకుని ఒక శుభలేఖ మొత్తం మళ్లీ టైపు చేశాను కూడా. ఒక్కోసారి ప్రింటు ఇవ్వబోతే యంత్రం మొత్తం స్తంభించిపోయేది.

కారణం నా ఎడమచేతి వాటం. మౌసు ఎడమ చేతిలో ఉంటుంది కాబట్టి కాపీకి, ప్రింటుకు నేను కుడివైపు కంట్రోల్ మీటనే వాడతాను. వర్చువల్‌బాక్స్‌కు ఆ కుడి కంట్రోలే హోస్ట్ కీ, అంటే తనకోసం దాచుకున్న మీట. దాంతో సీ నొక్కితే స్కేల్డ్ మోడ్, పీ నొక్కితే పాజ్, ఎఫ్ నొక్కితే ఫుల్ స్క్రీన్. స్కేల్డ్ మోడ్‌లో లోపలి తెర పరిమాణం మారదు, ఉన్న బొమ్మనే రబ్బరులా సాగదీస్తుంది. అందుకే ఆ మసక. మొదటిసారి ఆ మోడ్‌లోకి వెళ్లేటప్పుడు, వెనక్కి రావాలంటే మళ్లీ అదే నొక్కండి అని అది చెప్పింది. ఇంకెప్పుడూ చూపించవద్దు అన్న గడిలో గుర్తు పెట్టింది నేనే. ఫైలు మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో ఇన్‌పుట్‌కు వెళ్లి హోస్ట్ కీని కుడి ఆల్ట్‌కు మార్చుకున్నాను. ఎడమచేతివాళ్లు మొదటిరోజే ఈ పని చేసుకోండి.

ల్యాప్‌టాప్ 15 అంగుళాలది కావడంతో పూర్తి 1920×1080లో ఎక్స్‌పీ మెనూలు చీమల్లా ఉంటాయి. వ్యూ మెనూలో తెరను 125 శాతానికి పెంచే వీలుంది. పెంచి చూశాను, అదీ సాగదీతే, తలకట్ల అంచులు మెత్తబడ్డాయి. బిల్లులు రాసుకునేవాళ్లకు చాలు, అక్షరం అమ్ముకునేవాడికి చాలదు. నా ఉపాయం వేరు. చచ్చిపోయిన కంప్యూటరు తాలూకు 17 అంగుళాల చదరపు మానిటరు ఇంకా బాగానే ఉంది, 1280×1024ది. ఒక కన్వర్టరు కొని దాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించాను. ఎక్స్‌పీ కిటికీని దాని మీదికి జరిపి హోస్ట్ కీతో ఎఫ్ నొక్కితే, లోపలి తెర ఆ మానిటరుకు అతికినట్టు 1280×1024కు మారిపోతుంది. చుక్కకు చుక్క, మసక లేదు. పక్కన ల్యాప్‌టాప్‌లో ఖాతాదారు పంపిన వాట్సాప్ చేతిరాత తెరిచి ఉంటుంది. పాత కంప్యూటరు ఉన్న రోజుల్లో కూడా నాకు ఇంత సౌకర్యం లేదు.

షేర్డ్ ఫోల్డరు గెస్ట్ అడిషన్స్‌తోనే వచ్చింది, ఫైళ్లు అటూ ఇటూ అందులోనే తిరుగుతున్నాయి. క్లిప్‌బోర్డు పంచుకోవడం కూడా ఉంది గానీ, పాత అక్షరాల్లోని తెలుగును బయటికి తెచ్చి అతికిస్తే లాటిన్ గీతలే వస్తాయి. ఆ పాపం ఫాంట్లది, వాటిని యూనికోడ్‌కు మార్చుకునే పని వేరే. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌తో భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి కాబట్టి సెట్టింగుల్లో నెట్‌వర్కు పూర్తిగా తీసేశాను.

వర్చువల్‌బాక్స్‌కు అయిదు నక్షత్రాల్లో నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఎడమచేతివాడిగా. మా మేనల్లుడికి రెండున్నర.

మొన్న ఒకాయన 2009లో పెద్దమ్మాయి పెళ్లికి నేను వేసిన కార్డు తెచ్చి, చిన్నమ్మాయికీ అచ్చం ఇలాగే కావాలన్నాడు. ఫైలు తెరిచాను. పేజీ మొత్తం ఒక్క తెరలో, వినాయకుడి బొమ్మ దగ్గర్నుంచి అడుగున బంధుమిత్రుల అభినందనల దాకా. ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని అక్కడికక్కడే పేర్లు దిద్దించుకున్నాడు, ప్రూఫు కాగితం అడగలేదు.