సింగర్ 201కె కాలి మిషన్: ఇరవై రెండేళ్ళు కుట్టాక

మిషన్‌ను వెనక్కి వాల్చి నూనె వేసేటప్పుడు నా చూపు ముందు ఆ గేర్ల మీదికే పోతుంది. పళ్ళు కాస్త వంపుగా చెక్కిన ఇనప గేర్లు, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. చేత్తో చక్రం ఒక చుట్టు తిప్పితే పైన సూది ఒకసారి దిగి లేస్తుంది, కింద పైదారాన్ని అందుకునే హుక్కు రెండు చుట్లు తిరుగుతుంది. ఎక్కడా కటకటమనదు.

ఇది సింగర్ 201కె. 'కె' అంటే స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో ఉండిన కిల్‌బోవీ ఫ్యాక్టరీ. మా దాని సీరియల్ నంబరు ఇ.జి. అక్షరాలతో మొదలవుతుంది కాబట్టి 1950 ప్రాంతంలో తయారైంది. అమ్మ వాడుకుంది, తర్వాత విశాఖ మహారాణిపేటలో మా ఇంటికొచ్చింది. జాకెట్లు, లంగాలు, పిల్లల యూనిఫాంలు, పాత చీరల బొంతలు అన్నీ దీని మీదే కుట్టాను. కాలి చక్రం నుంచి పైచక్రం దాకా తోలు బెల్టు. అక్కడి నుంచి లోపలంతా గేర్లే.

మధ్యలో మోజుపడి ఒక తేలికపాటి కరెంటు మిషన్ కొన్నాను. నాలుగో ఏడు జీన్స్ అడుగు మడిచి కుడుతుంటే టక్కుమంది. సూది ఆడుతోంది కానీ దారం అందుకోవడం లేదు. మెకానిక్ విప్పి చూపించాడు, ప్లాస్టిక్ గేరు నిలువునా చీలింది. ప్లాస్టిక్ గేర్లకు చప్పుడు తక్కువ, నూనె గోల ఉండదు, నిజమే. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసెక్కుతాయి. అదే జీన్స్‌ను పద్దెనిమిదో నంబరు సూది వేసి 201 మీద పూర్తిచేశాను.

అసలు పరీక్ష 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను రోజు. కిటికీ అద్దాలు పగిలి వాన గదిలోకి కొట్టింది. మిషన్ నిలువునా తడిసింది. పక్కవీధి మెకానిక్ వచ్చి, "ఇప్పుడే తొక్కకండమ్మా. కిరసనాయిలు పోసి వదిలెయ్యండి, రేపు తిప్పుదురు గాని" అన్నాడు. మర్నాడు చక్రం కదిపితే కన్నాల్లోంచి ఎర్రటి నీళ్ళు కారాయి. తుడిచి, నూనె వేసి, మళ్ళీ తిప్పి, మళ్ళీ తుడిచాను. సాయంత్రానికి చక్రం తేలిగ్గా తిరిగింది. జిడ్డు పట్టిన గేర్ల మీద తుప్పు మచ్చ లేదు. పైన మెరిసే పాదం, సూది కింది పలకే పాడయ్యాయి. ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. పక్కింటి పిన్ని తెచ్చిన చిరిగిన పరదాలు, ఎదురింటివాళ్ళ టార్పాలిన్, అద్దాల్లేని ఆ కిటికీ పక్కనే పగటి వెలుగులో కుట్టిచ్చాను.

ఇన్నేళ్ళలో గేరు ఒక్కటీ మార్చలేదు. మార్చినవన్నీ బెల్టులు, సూదులు, దారం బిగువు చూసే ఒక టెన్షన్ స్ప్రింగు. బెల్టు సాగినప్పుడు పావంగుళం కోసి మళ్ళీ క్లిప్పు వేస్తే సరి. మిషన్ ఆయిల్ మాత్రం వారానికోసారి, కన్నానికో చుక్క. కొబ్బరినూనె వద్దు, గట్టిపడి జిగురవుతుంది. సముద్రపు గాలి కాబట్టి పని అయ్యాక పలక మీద నూనె గుడ్డ తిప్పుతాను.

ఇబ్బందులూ ఉన్నాయి. నేరు కుట్టు ఒక్కటే, పికోకి బయట ఇవ్వాల్సిందే. బరువు చాలా ఎక్కువ. చెక్క బల్లకు చెదలు పట్టకుండా చూసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు బాబిన్, అంటే కింది దారం చుట్టే చిన్న చక్రం. సూదులు మామూలువే, ఏ కొట్లో అడిగినా ఇస్తారు. బాబిన్ అలా కాదు, పక్కలు కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. మామూలు బాబిన్ వేస్తే కుట్టు చిక్కుపడుతుంది.

పాతది కొనదలిస్తే రంగు చూసి మోసపోకండి. వెనక్కి వాల్చి గేర్ల పళ్ళు చూడండి, చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఒకే చోట పట్టేస్తుంటే వదిలెయ్యండి. బాబిన్లు ఎన్ని ఇస్తున్నారో ముందే అడగండి. నా దగ్గర ఐదున్నాయి, నూనె గుడ్డలో చుట్టి సూదుల డబ్బాలో దాచుకున్నాను.