కొత్త పొగబండి మన పట్టాల మీద: ఏది మేలు?

బిట్రగుంట పేరెత్తితే పాతతరం వాళ్లు ఇప్పటికీ లోకోషెడ్ గురించే మాట్లాడతారు. మద్రాసు–విజయవాడ దారిలో బొగ్గింజన్లకు అది పెద్ద మజిలీ. ఇంజన్లు పోయాయి, యార్డు వెలవెలబోయింది. మళ్లీ ఒక ఆవిరి బండి నడిపితే ఎంత బాగుంటుందో అనుకునేవాళ్లు మన వైపు తక్కువేం లేరు. సరే, నడపాలంటే ఏ ఇంజను? పాతదాన్ని బాగుచేసుకోవాలా, కొత్తది కట్టుకోవాలా, కరెంటు ఇంజనుకే ఆవిరి వేషం వేయాలా?

వేషం సంగతి ముందు తేల్చేద్దాం. 2023 అక్టోబరు 31న గుజరాత్‌లో ఏక్తా నగర్–అహ్మదాబాద్ మధ్య మొదలైన హెరిటేజ్ బండి అలాంటిదే. పైకి పొగగొట్టం, లోపల కరెంటు మోటార్లు. నీళ్లు, బొగ్గు, మసి ఏ గొడవా లేదు. సెల్ఫీలకు బాగుంటుంది. కానీ దసరాకి పులివేషం కట్టినవాణ్ని చూసి అడవికి వెళ్లొచ్చామని చెప్పుకోలేం కదా.

పాత ఇంజను మాట వేరు. 1855 నాటి ఫెయిరీ క్వీన్‌ని 1997లో మళ్లీ పట్టాలెక్కించి ఢిల్లీ–అల్వార్ మధ్య టూరిస్టులతో నడిపారు. అదే కాలం నాటి ఈఐఆర్-21ని పెరంబూరు లోకో వర్క్స్ వాళ్లు 2010లో నడిచేలా చేశారు. మనవాళ్లకు ఆ పనితనం ఉంది. చిక్కల్లా బాయిలర్‌తోనే. దశాబ్దాలుగా ఎండకూ వానకూ దిమ్మె మీద నిలబడ్డ ఇంజనులో రేకు ఎక్కడ పలచబడిందో, ఏ రివెట్టు వదులైందో విప్పితేగానీ తెలియదు. విప్పాక చాలాసార్లు కొత్త బాయిలరే వేయాల్సి వస్తుంది. గట్టి వేగంతో, నిండా ప్రయాణికులతో నడపాలంటే నేను మాత్రం పాత బాయిలర్‌ని నమ్మను.

ఇక కొత్తది. ఇంగ్లండ్‌లో టోర్నడో అనే ఇంజను పని 1994లో మొదలై 2008లో పూర్తయింది. ఖర్చు సుమారు 30 లక్షల పౌన్లు. వారానికి ఒక బీరు ఖరీదు ఇవ్వండి చాలని జనాన్ని అడిగి చందాలు పోగుచేశారు! పాత డిజైనే, కానీ బాయిలర్ జర్మనీలోని మైనింగెన్‌లో వెల్డింగుతో చేయించారు. నీళ్లు పట్టేచోట్లు ఇప్పుడు లేవు కాబట్టి టెండర్లో, అంటే ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ మోసే బండిలో, బొగ్గు తగ్గించి నీళ్ల తొట్టి పెంచారు. 2017లో ఒక రాత్రి పరీక్షలో గంటకు 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు అందుకుంది. మరుసటి ఏడాది 90 మైళ్లతో ప్రయాణికులను తీసుకెళ్లే బండికి కట్టారు. ఆ ప్రయాణంలోనే శాండీ అనే ఊరి దగ్గర వాల్వ్ గేర్ (సిలిండర్లలోకి ఆవిరి వదిలే యంత్రాంగం) దెబ్బతిని మెయిన్ లైన్ మీదే ఆగిపోయింది.

అదే సింగరాయకొండ దగ్గర జరిగితే? గూడూరు–విజయవాడ దారిలో బండ్లు గంటకు 130 కిలోమీటర్లతో పోతున్నాయి. వందేభారత్, సూపర్‌ఫాస్టులు, గూడ్సులు ఒకదాని వెనక ఒకటి. మధ్యలో ఒక పొగబండి మొరాయిస్తే అటు చెన్నై దాకా, ఇటు బెజవాడ దాకా టెన్షనే. పైన 25 వేల వోల్టుల తీగ. దాని కింద టెండర్ మీదికెక్కి బొగ్గు సర్దకూడదు, పొడవాటి గడ్డపార లేపకూడదు. మసి పేరుకుంటే ఇన్సులేటర్లు దెబ్బతింటాయి. అందుకే ఈ ట్రంక్ లైన్ మీద ఆవిరికి నా ఓటు లేదు, ఇంజను ఎంత కొత్తదైనా సరే.

నా ఓటు గుంటూరు–నంద్యాల దారిలోని గిద్దలూరు వైపు. మీటర్ గేజ్ రోజుల్లో బొగ్గింజన్లు దిగువమెట్ట దాటి, నల్లమలలో దొరబావి వంతెన మీదుగా నంద్యాల చేరేవి. బ్రాడ్‌గేజ్ వచ్చాక ఆ పాత దారి వదిలేశారు. కొత్త దారిలోనూ తీగలున్నాయి, నిజమే. కానీ కోస్తా లైనంత రద్దీ లేదు, వేగం మీద పంతమూ లేదు. చూడ్డానికి అడవి ఉంది. ఆ అడవి వల్లే బొగ్గు వద్దు, నూనెతో మండేదే కావాలంటాను: వేసవిలో ఒక్క నిప్పురవ్వ చాలు. తిరుచ్చిలోని గోల్డెన్ రాక్ వర్క్‌షాపు నీలగిరి రైలు కోసం నూనెతో మండే ఆవిరి ఇంజన్లు కొత్తగా కట్టింది, 2021లో బొగ్గుది కూడా కట్టింది. అంటే కొత్త ఆవిరి ఇంజను మన దేశంలో సాధ్యమేనని తేలిపోయింది. అవి మీటర్ గేజ్ చిన్న ఇంజన్లు. చిత్తరంజన్‌లో చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజను ‘అంతిమ్ సితారా’ 1970లోనే బయటికొచ్చింది కాబట్టి, పెద్దదానికి అచ్చుల దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టుకోవాలి. ఖర్చుకు సిద్ధపడే రావాలి.

బిట్రగుంట వాళ్లు నా మీద అలగకూడదు. అక్కడ యార్డులోనే, మెయిన్ లైన్ జోలికి పోకుండా, ఒక పాత ఇంజనుని నడక వేగంతో తిప్పవచ్చు. అంత నెమ్మదిగా, తక్కువ ఆవిరి ఒత్తిడితో అయితే బాగుచేసిన పాతదే చవక.

మనుషుల సంగతీ ఉంది. దేశంలో బ్రాడ్‌గేజ్ ఆవిరి 1995తో ఆగిపోయింది. అప్పటి ఫైర్‌మన్లలో (ఇంజనులో నిప్పు చూసుకునేవాళ్లు) చాలామంది ఇప్పుడు పింఛన్లలో ఉన్నారు. కాబట్టి ఇంజను తయారయ్యేదాకా ఆగకుండా, కుర్రాళ్లను ముందే నీలగిరి రైలు ఇంజన్లుండే కూనూరుకో, హర్యానాలో ఆవిరి ఇంజన్లుండే రేవాడీ షెడ్డుకో పంపి నిప్పు వేయడం, నీటిమట్టం చూడడం నేర్పించాలి.