రేసు మానిన గుర్రానికి మళ్లీ నడక నేర్పే లాయం: జడ్చర్ల దగ్గరి శిక్షణ కేంద్రంపై నా అభిప్రాయం

హైదరాబాద్ మలక్‌పేటలో ఎంతోకాలంగా రేసులు జరుగుతున్నప్పటికీ, పరుగు మానిన గుర్రాలకు మరో బతుకు చూపించే చోట్లు మన ప్రాంతంలో చాలా తక్కువ. అటువంటి ఒక థరోబ్రెడ్ (రేసుల కోసం పెంచే జాతి) గుర్రాన్ని కొని, షికారు స్వారీకి తగినట్లు తీర్చిదిద్దమని జడ్చర్ల దాటాక పొలాల మధ్య ఉన్న ఒక చిన్న లాయానికి అప్పగించాను. అక్కడ జరిగిన పని నాకు ఎంతో తృప్తినిచ్చింది.

వారిలో నాకు అన్నిటికన్నా నచ్చినది తొందర లేకపోవడం. గుర్రం వచ్చిన తరువాత చాలా వారాల పాటు దాని వీపుపై జీను వేయలేదు. రేసు గుర్రానికి శక్తి కోసం దాణా ఎక్కువగా, గడ్డి తక్కువగా పెడతారు. గుర్రం కడుపులో ఆమ్లం నిరంతరం ఊరుతూనే ఉంటుంది కనుక, మేత లేని గంటలు పెరిగితే పుండ్లు పడతాయి. శిక్షణలో ఉన్న రేసు గుర్రాలలో ఇది చాలా సాధారణమైన జబ్బు. ఇక్కడ ఓట్స్ క్రమంగా తగ్గించి, ఎండుగడ్డి పగలూ రాత్రీ అందుబాటులో ఉంచి, కొద్దిగా ఉలవ గుగ్గిళ్లు కలిపారు. చుట్టుపక్కల చేలలో పచ్చజొన్న చౌకగా దొరుకుతున్నా దానిని ముట్టనివ్వలేదు, ఎందుకంటే అది గుర్రాల మూత్రాశయానికీ, వెనుక కాళ్ల పట్టుకూ హాని చేస్తుంది. ఈ సంగతి నాకు అడగకుండానే వివరించి చెప్పారు.

అసలు శిక్షణ తీరు తెలియాలంటే రేసు గుర్రానికి ఏమి తెలియదో ముందు గ్రహించాలి. జాకీ పొట్టి రికాబులలో వీపుకు ఎగువన వంగి ఉంటాడు కాబట్టి, రౌతు కూర్చున్న బరువు గానీ కాళ్ల ఒత్తిడి గానీ ఆ గుర్రానికి పరిచయమైన భాష కాదు. పగ్గం బిగిస్తే ఆగడం దానికి తెలియదు. బిగించిన పగ్గానికి ఆనుకొని మరింత వేగంగా దౌడు తీయడమే అది నేర్చుకున్నది. పైగా అది నడుస్తూ ఉండగానే రౌతును ఎత్తి కూర్చోబెడతారు, కనుక మనిషి ఎక్కేవరకు కదలకుండా నిలబడడం కూడా దానికి కొత్త పాఠమే. అందుకే వీరు ముందు పొడవాటి తాడుతో నేల మీది నుంచే నడిపిస్తూ, మాటకు ఆగడం, మాటకు కదలడం నేర్పారు. ఆ తరువాత ఎత్తుపీట పక్కన నిలబెట్టి, ఎవరూ ఎక్కకుండానే మెడ నిమిరి వెనక్కు తీసుకువెళ్లడం పదే పదే చేశారు. ఇప్పుడు అది వదులు పగ్గంతో, తల దించుకొని నడుస్తుంది. ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య వేగం) నుంచి మళ్లీ నడకకు రావడానికి గుంజులాట లేదు. బయటి దారులకు మాత్రం ఒక వయసు మళ్లిన నెమ్మదైన ఆడగుర్రాన్ని తోడు తీసుకొని, గొర్రెల మందలు, ట్రాక్టర్లు ఎదురయ్యే చెల్కల గట్ల మీదుగా తిప్పారు. ఆ జతకట్టడం చాలా తెలివైన పని అని నా నమ్మకం.

లోపాలూ ఉన్నాయి. నాల్‌బంద్ హైదరాబాద్ నుంచి రావలసి ఉండడం వలన లాడాల పని ఒకసారి ఆలస్యమైంది. గుర్రాల వైద్యం తెలిసిన డాక్టర్ కూడా దగ్గరలో లేకపోవడం అంతకన్నా పెద్ద విషయం, ఎందుకంటే కడుపునొప్పితో గుర్రం పడి దొర్లుతున్నప్పుడు గంటలు నిరీక్షించే వీలు ఉండదు. వానాకాలంలో స్వారీ చేసే నేల జారుడుగా మారి పని ఆగిపోతుంది. ఎండాకాలంలో తెల్లవారుజామునే పని ముగిస్తారు. అది సరైన నిర్ణయమే.

రుసుము, మేత, మందుల లెక్కలు విడివిడిగా చూపిస్తారు. ఇన్ని నెలలకు సిద్ధం చేస్తామని గడువు మాత్రం చెప్పరు. ముందుకాలి స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి నరం, టెండన్) వాచిన గుర్రాన్ని స్కానింగ్ చేయించకుండా పనిలోకి తీసుకోరు. ఆ స్నాయువు మానడానికి ఏడాది వరకు పట్టవచ్చు కనుక ఈ పట్టుదలను నేను సమర్థిస్తాను. ఇప్పుడిప్పుడే స్వారీ నేర్చుకుంటున్నవారు మాత్రం ఇక్కడ తీర్చిన గుర్రాన్ని వెంటనే తీసుకోవద్దు. కొన్నాళ్లు శిక్షకుడి కళ్ల ముందే ఎక్కి, ఆ తరువాత ఇంటికి తీసుకువెళ్లడం మేలు. చేర్పించే ముందు ఒక ఉదయం వెళ్లి, పని జరుగుతుండగా చూడాలని అడగండి, వారు కాదనరు.