లాంటౌ ద్వీపం: డిస్నీల్యాండ్ ఒక్కటే చూసి వచ్చేయకండి

హాంకాంగ్ వెళ్లొచ్చిన మనవాళ్లలో చాలామందికి లాంటౌ అనే పేరే తెలియదు, కానీ విమానం దిగింది దాని పక్కనే, డిస్నీల్యాండ్ చూసింది అక్కడే, కేబుల్ కారెక్కి పెద్ద బుద్ధుడి ముందు ఫొటో దిగిందీ అక్కడే. ప్యాకేజీల్లో ఈ ద్వీపానికి దక్కే వాటా అంతే: ఒక రోజు డిస్నీ, ఒక పూట బుద్ధుడు, మిగతాదంతా షాపింగు. నిజానికి హాంకాంగ్ దీవులన్నిటిలో ఇదే పెద్దది. ఆఫీసు టవర్లుండే హాంకాంగ్ ఐలాండ్‌కి దాదాపు రెట్టింపు ఉంటుంది, అందులోనూ ఎక్కువ భాగం కొండలూ అడవే. నా రేటింగ్ అడిగితే ద్వీపానికి ఐదుకి ఐదు, మేం వెళ్లిన ప్యాకేజీకి రెండు. ఆ రెండూ కూడా హోటల్లో టిఫిన్ బాగున్నందుకు.

ప్యాకేజీ గైడు మమ్మల్ని కొండ మీద దింపి, గంటలో బస్సు దగ్గరుండాలని వాచీ చూపించాడు. గంటలో ఏం చూస్తాం, మెట్లెక్కి దిగేసరికే అయిపోయింది. అందుకని మర్నాటి షాపింగు ఎగ్గొట్టి సొంతంగా మళ్లీ వెళ్లాం, ఈ రివ్యూ దాదాపు అంతా ఆ రెండోసారి గురించే.

ముందు కేబుల్ కారు సంగతి. తుంగ్ చుంగ్ మెట్రో స్టేషన్ పక్కనే ఎక్కాలి, 5.7 కిలోమీటర్లు, పైకి వెళ్లడానికి ఇంచుమించు 25 నిమిషాలు. ఒక పక్క కింద రన్‌వే మీద విమానాలు, సముద్రంలో మకావు వైపు పోయే పొడుగాటి వంతెన, ఇంకోపక్క ఒక్క ఇల్లు కూడా లేని పచ్చటి కొండలు. రెండూ ఒకే అద్దంలోంచి కనబడటం నాకు భలే నచ్చింది. అద్దం నేల ఉండే క్రిస్టల్ క్యాబిన్‌కి ఎక్కువ డబ్బు పెట్టడం మాత్రం దండగ, చూడాల్సినదంతా పక్కనే ఉంది, కింద కనబడేవి చెట్ల చివర్లే. ప్యాకేజీవాళ్లు మాకు అదే బుక్ చేశారు, మా అత్తయ్య దారి పొడుగునా కాళ్లు సీటు మీదకి లాక్కుని, కళ్లు మూసుకుని కూర్చున్నారు. గాలి గట్టిగా వీస్తే ఆపేస్తారు, మెయింటెనెన్స్‌కి మూసే రోజులూ ఉంటాయి, కాబట్టి వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరండి. ఇంకోమాట, రానూపోనూ టికెట్ తీసుకోకండి, ఎందుకో కింద చెప్తాను.

బుద్ధుడి విగ్రహం 34 మీటర్లు, 268 మెట్లు, కంచుది, పద్మంలో కూర్చున్న భంగిమ. 1993 డిసెంబరులో ప్రతిష్ఠించారు. మన హుస్సేన్ సాగర్ బుద్ధుణ్ణి నిలబెట్టింది 1992 డిసెంబరులో, అంటే ఇద్దరూ ఒక ఏడాది తేడాతో కొలువైనవాళ్లే. మనది ఒకే రాతిలో చెక్కినది, నిలబడ్డాడు. ఇక్కడిది కంచు పలకలు అతికించి కట్టినది. మెట్లెక్కడానికి డబ్బుల్లేవు, లోపలి హాలుకి టికెట్ ఉంది. విగ్రహం చుట్టూ ఆరుగురు దేవతలు మోకాళ్ల మీద కూర్చుని పువ్వు, ధూపం, దీపం, లేపనం, పండు, సంగీతం సమర్పిస్తుంటారు. ఇంట్లో పూజ చేసే అలవాటున్నవాళ్లకి ఆ వరస చూడగానే చిన్న నవ్వు వస్తుంది. కేబుల్ కారు దిగినచోట కట్టిన నాంగ్ పింగ్ విలేజ్ మాత్రం పాత ఊరి వేషం వేసిన షాపుల వరస, అక్కడ ఆగొద్దు.

ఎదురుగా పో లిన్ మఠం ఉంది, 1906 నాటిది. శాకాహారులకి హాంకాంగ్ మొత్తంలో టెన్షన్ లేకుండా తినగలిగే చోట్లలో ఇదొకటి, ఎందుకంటే చైనా బౌద్ధ మఠాల వంటలో మాంసమే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. సూపు, అన్నం, పుట్టగొడుగులు, టోఫు కూరలు తెచ్చిపెడతారు. చప్పగా ఉంటుంది, కారప్పొడి దగ్గరుంటే మంచిది. అక్కణ్ణించి కాస్త నడిస్తే విజ్డమ్ పాత్ అని 38 ఎత్తయిన చెక్క స్తంభాలు కొండవాలులో నిలబెట్టి ఉంటాయి, వాటి మీద ప్రజ్ఞాపారమిత హృదయ సూత్రం అనే బౌద్ధ పాఠం చైనీస్ లిపిలో చెక్కి ఉంటుంది. గుంపులు ఇక్కడిదాకా తక్కువ వస్తాయి. వెనకాలే లాంటౌ పీక్, 934 మీటర్లు. సూర్యోదయం చూడటానికి చీకట్లోనే ఎక్కేవాళ్లున్నారు. మేం ఎక్కలేదు, మోకాళ్లున్నవాళ్లు ఎక్కండి.

జంతువుల విషయానికొస్తే నాకు బాగా గుర్తుండిపోయినవి ఆవులే. ఎర్ర ఆవులు మఠం ముందు సొంత ఇంట్లోలా తిరుగుతుంటాయి, ఒకటి మా వాడి చేతిలోని మ్యాపు సగం నమిలేసింది. ఒకప్పుడు ఇక్కడ వరి పండించేవాళ్లు, సేద్యం మానేశాక వదిలేసిన పశువుల సంతతి ఇది. దక్షిణాన పుయ్ ఓ వైపు గేదెలు కూడా చిత్తడి నేలల్లో పడుకుని కనబడతాయి. విమానాశ్రయం కట్టేటప్పుడు చెక్ లాప్ కాక్ అనే చిన్న దీవిని చదును చేశారు, అప్పుడు అక్కడున్న రోమర్ చెట్టు కప్పల్ని పట్టి వేరేచోట్ల వదిలారట. బొటనవేలి గోరంత కప్ప, హాంకాంగ్‌లో తప్ప ఇంకెక్కడా ఉండదు.

ఇప్పుడు తిరుగు టికెట్ వద్దని ఎందుకన్నానంటే, కొండ మీంచి 21 నంబరు బస్సెక్కితే టై ఓ అనే జాలరి ఊళ్లో దిగుతారు. నా లెక్కలో ద్వీపానికి ప్రాణం ఇదే. కాలువకి రెండు పక్కలా నీళ్లలో పాతిన గుంజల మీద రేకుల ఇళ్లు, కింద పడవలు. 2000లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలా ఇళ్లు కాలిపోయాయి, మిగిలినవాటిలో మనుషులు కాపురం ఉంటున్నారు, కాబట్టి కిటికీల్లోకి కెమెరా పెట్టకండి. బస్సు దిగగానే ఎండురొయ్యల వాసన గుప్పుమంటుంది, కాకినాడ, మచిలీపట్నం వైపువాళ్లకి ఇల్లు చేరినట్టే. ఉప్పుచేపల్ని తలకిందులుగా వేలాడదీసి తలకి కాగితం చుట్టి కడతారు, పక్కనే పళ్లేల్లో గుడ్ల పచ్చసొనలు ఉప్పుపట్టించి ఎండలో వరసగా పేర్చి ఉంటాయి. ఒకావిడ వాటిని ఒక్కొక్కటే వేలితో తిప్పుతూ మాతో కాంటనీస్‌లో ఏదో చెప్పింది, మేం తల ఊపాం.

గులాబీ డాల్ఫిన్లు చూపిస్తామని పడవలవాళ్లు పిలుస్తారు. ఇళ్ల మధ్య తిరిగి కాసేపు సముద్రంలోకి తీసుకెళ్లి తెస్తారు, ఆ ఇళ్ల కోసమైతే ఎక్కండి, డాల్ఫిన్ల మీద ఆశ పెట్టుకోకండి. 1997లో హాంకాంగ్ చైనా చేతికి వచ్చినప్పుడు ఈ డాల్ఫినే చిహ్నం, తర్వాత సముద్రం పూడ్చి కట్టినవాటికీ ఓడల రద్దీకీ వాటి సంఖ్య బాగా పడిపోయింది. మాకు ఒక్కటీ కనబడలేదు. గాజు సీసాలో గులాబీ బొమ్మ డాల్ఫిన్ మాత్రం ప్రతి కొట్లోనూ ఉంది.

డిస్నీల్యాండ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 2005లో తెరిచారు, చిన్న పార్కు, ఒక్క రోజు చాలు, పిల్లలుంటే కచ్చితంగా వెళ్లండి, లేకపోతే ఆ డబ్బుతో ద్వీపంలో ఇంకో రోజు ఉండండి. అక్కడికి వెళ్లే రైలుకి కిటికీలు మిక్కీ తల ఆకారంలో ఉంటాయి, మా వాడికి పార్కు కన్నా అదే ఎక్కువ నచ్చింది.

వెళ్లేవాళ్లకి రెండు మూడు మాటలు. ఆదివారాలూ సెలవు రోజులూ వద్దు, బస్సు చార్జీ కూడా ఆ రోజుల్లో ఎక్కువ. బస్సుల్లో చిల్లర తిరిగివ్వరు, ముందే డబ్బు వేసుకుని బస్సుల్లో, మెట్రోలో వాడుకునే ఆక్టోపస్ కార్డు తీసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాతావరణం హాయిగా ఉంటుంది, ఎండాకాలం ఉక్కపోత, పైగా తుఫాన్లు. ఓపికుంటే ద్వీపంలోని ముయ్ వో రేవు నుంచి ఫెర్రీలో హాంకాంగ్ ఐలాండ్‌లోని సెంట్రల్‌కి తిరిగి రండి. మన పాస్‌పోర్టుకి వీసా అక్కర్లేదు, కానీ బయల్దేరేముందే ఆన్‌లైన్‌లో ప్రీ అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకుని ఆ స్లిప్పు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోవాలి, డబ్బేం కట్టక్కర్లేదు, కాబట్టి దానికి ఏ ఏజెంటైనా ఫీజు అడిగితే ఇవ్వకండి.